ఊరేగింపుకు అనుమతి సరే, జవాబుకు గడువేది?

నెల మొదటి వారంలో పత్రికల జిల్లా పేజీల్లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, ఓ చిన్న వార్త కనబడుతుంది. శాంతిభద్రతల దృష్ట్యా నెలాఖరు దాకా 30, 30(ఎ) పోలీసు యాక్టు అమల్లో ఉంటుందని, పోలీసు అధికారుల అనుమతి లేకుండా ధర్నాలు, రాస్తారోకోలు, ర్యాలీలు, బహిరంగ సభలు పెట్టకూడదని, కాదని పెడితే చర్యలు తప్పవని దాని సారాంశం. వచ్చే నెల తేదీలు మారి అదే వార్త మళ్ళీ వస్తుంది. చదివి పేజీ తిప్పేస్తాం. దరఖాస్తు ఎన్ని రోజుల ముందు పెట్టుకోవాలో ఆ ప్రకటనల్లో కొన్నిసార్లు ఉంటుంది. పెట్టుకున్న దరఖాస్తుకు పోలీసులు ఎప్పటిలోగా జవాబు చెబుతారో మాత్రం ఉండదు.

మన దగ్గర సభలూ ఊరేగింపులపై నడిచే గొడవంతా ఈ ఒక్క ఖాళీలోంచి పుడుతోందని నా అభిప్రాయం. పోలీసులకు అధికారం ఎక్కువైందా తక్కువైందా అని మనం వాదించుకుంటున్నాం. అసలు తేలాల్సింది సమయం సంగతి. సభ ఆదివారం ఉదయమైతే, శనివారం రాత్రి తొమ్మిదింటికి వచ్చే తిరస్కరణ మీద న్యాయంగా పోరాడే దారి ఎవరికీ ఉండదు. అసలు ఏ జవాబూ రాకపోతే పోరాడ్డానికి కాగితం కూడా ఉండదు.

సెక్షన్ 30 చెప్పేది

1861 నాటి పోలీసు చట్టంలో సెక్షన్ 30ని తాపీగా చదివితే ఆ నెలవారీ ప్రకటన దానికి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మొదటి ఉపసెక్షన్ ప్రకారం ఎస్పీ గానీ ఆయన కింది అధికారి గానీ, సందర్భాన్ని బట్టి, బహిరంగ రోడ్ల మీద జరిగే సభలూ ఊరేగింపులూ ఎలా నడవాలో చెప్పొచ్చు, దారి, వేళ నిర్ణయించొచ్చు. ఇది నియంత్రణ. ఇందులో అనుమతి మాటే లేదు.

అనుమతి రెండో ఉపసెక్షన్‌లో వస్తుంది, అదీ షరతులతో. ఫలానా వాళ్ళు రోడ్డు మీద సభ పెట్టబోతున్నారనో ఊరేగింపు తీయబోతున్నారనో పోలీసు అధికారికి నమ్మకం కుదరాలి. దాన్ని అదుపు లేకుండా వదిలేస్తే శాంతిభంగం జరగొచ్చని జిల్లా మేజిస్ట్రేటు గానీ సబ్ డివిజన్ మేజిస్ట్రేటు గానీ భావించాలి. అప్పుడు మాత్రమే, లైసెన్సుకు దరఖాస్తు చేసుకోండని నోటీసు ఇవ్వొచ్చు. అంటే అంచనా కలెక్టరుదో ఆర్డీవోదో కావాలి. నెలవారీ ప్రకటనల్లో కలెక్టరు ఏం అంచనా వేశారో, దేన్ని చూసి వేశారో ఒక్క ముక్క ఉండదు. ఏ ఊళ్ళో ఏ గొడవ ముంచుకొస్తోందో చెప్పకుండా జిల్లా మొత్తానికి, నెల మొత్తానికి, ఆపైన ప్రతి నెలకూ వర్తింపజేయడం ఆ సెక్షన్ మాటల్లో ఇమడదు.

మూడో ఉపసెక్షన్‌లో చాలామంది గమనించని వాక్యం ఒకటుంది. దరఖాస్తుకు గానీ లైసెన్సుకు గానీ రుసుము తీసుకోకూడదు. సభ పెట్టుకునేవాళ్ళ దగ్గర బందోబస్తు ఖర్చులు అడిగినప్పుడు ఈ వాక్యం చూపించాలి.

ఇంకొకటి. సెక్షన్ 30 వర్తించేది రోడ్లకు, వీధులకు, జనం నడిచే దారులకు. నాలుగు గోడల మధ్య జరిగే రౌండ్ టేబుల్ సమావేశానికి వర్తించదు. అయినా ఫంక్షన్ హాలు యజమానికి స్టేషన్ నుంచి ఫోను వెళ్ళి, బుకింగ్ రద్దయిపోవడం మనకు కొత్త కాదు. హాలు యజమాని లైసెన్సులు, పార్కింగు, ఫైర్ సర్టిఫికెట్ అన్నీ ఎవరో ఒకరి దయ మీద నడుస్తుంటాయి కాబట్టి ఆయన ఎదురు చెప్పడు. అక్కడ ఉత్తర్వే లేదు, సవాలు చేయడానికి.

దరఖాస్తు ఎక్కడెక్కడ తిరుగుతుంది

పద్ధతి ఊరూరికీ కొద్దిగా మారినా నడక ఒకటే. నిర్వాహకులు డీఎస్పీకి, కమిషనరేట్ అయితే ఏసీపీకో డీసీపీకో అర్జీ పెడతారు. అందులో నిర్వాహకుల పేర్లు, ఫోన్ నంబర్లు, తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, మొదలు నుంచి చివర దాకా దారి, వచ్చే జనం అంచనా, వాహనాలు, వేదిక కొలతలు, వాలంటీర్ల సంఖ్య ఉండాలి. మున్సిపల్ స్థలమైతే కమిషనర్ నుంచి, ప్రైవేటు స్థలమైతే యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌వోసీ) జత చేయాలి. వేదికకూ లైట్లకూ కరెంటు కావాలంటే డిస్కమ్‌కు వేరే దరఖాస్తు. మైకు అనుమతి మళ్ళీ వేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోగకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం.

అర్జీ డీఎస్పీ ఆఫీసు నుంచి సీఐ రిపోర్టు కోసం స్టేషన్‌కు వెళుతుంది. ట్రాఫిక్ వాళ్ళ అభిప్రాయం, స్పెషల్ బ్రాంచ్ వాళ్ళ అభిప్రాయం తీసుకుంటారు. ఈ మెట్లన్నీ అవసరమే. చిక్కేమిటంటే ఏ మెట్టుకూ గడువు లేదు. నిర్వాహకుడు ఫోను చేస్తే "పైన ఉంది" అంటారు. తపాల్‌లో ఇచ్చిన అర్జీకి రశీదు అడిగితే విసుక్కుంటారు. చివరికి ముందురోజు సాయంత్రం, ఒక్కోసారి రాత్రి, "శాంతిభద్రతల సమస్య తలెత్తే అవకాశం ఉన్నందున అనుమతి నిరాకరించడమైనది" అని రెండు లైన్ల కాగితం చేతికొస్తుంది.

అక్కణ్ణించి హైకోర్టు. అదే రోజు మధ్యాహ్నమే వినమని అడిగే లంచ్ మోషన్, సెలవు రోజైతే జడ్జి ఇంటి దగ్గరే వినమనే హౌస్ మోషన్. ప్రభుత్వ న్యాయవాది "సూచనలు తీసుకుంటాను" అంటే ఆ పూట గడిచిపోతుంది. కోర్టులు చాలాసార్లు అనుమతిస్తాయి. కానీ హడావుడిగా నడిచిన వాదనల మధ్య, జడ్జి స్వయంగా వేళలూ జనం లెక్కా షరతులూ రాయాల్సి వస్తుంది. రోడ్డు వెడల్పు, పక్క సందులు, అంబులెన్స్ దారి తెలిసిన సీఐ చేయాల్సిన పనిని ఆ రోడ్డు ఎన్నడూ చూడని న్యాయమూర్తి చేస్తున్నారు.

2022లో అమరావతి నుంచి అరసవిల్లికి రైతులు తలపెట్టిన పాదయాత్ర దీనికి ఉదాహరణ. యాత్ర సెప్టెంబర్ 12న మొదలవ్వాలి. పోలీసులు కాదన్నారు. హైకోర్టు తొమ్మిదో తేదీన 600 మందికి పరిమితం చేస్తూ, గుర్తింపు కార్డుల షరతుతో అనుమతించింది. తర్వాత దారి పొడవునా ఆ 600 సంఖ్య చుట్టూనే తగవు. మద్దతు తెలపడానికి వచ్చినవాళ్ళు నడవొచ్చా, పక్కన నిలబడాలా అన్న దగ్గర పేచీ పెరిగి మళ్ళీ కోర్టుకెక్కింది. సంఘీభావం తెలిపేవాళ్ళు రోడ్డుకు ఇరువైపులా ఉండాలే గానీ యాత్రలో కలవకూడదని అక్టోబర్ 21న కోర్టు చెప్పింది. మర్నాడు రామచంద్రపురం దగ్గర పోలీసులు కార్డులు చూపించమనడంతో యాత్ర ఆగింది. పల్లెటూళ్ళ మీదుగా రోజుల తరబడి సాగే నడకలో ఊరి జనం కలుస్తారన్నది ఎవరైనా ఊహించగలిగేదే. నెల ముందు నిర్వాహకులు, జిల్లాల పోలీసులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే తేలిపోయే సంగతి అది. అటువంటి సంభాషణను బలవంతంగానైనా జరిపించే గడువు చట్టంలో లేదు.

కందుకూరు మాటేమిటి

ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న బలమైంది. 2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర మరో ముగ్గురు. 2025 సెప్టెంబర్ 27న తమిళనాడు కరూరులో 41 మంది. పోలీసులు కఠినంగా ఉండకపోతే జరిగేది ఇదే కదా అంటే, ఆ మాటను తేలిగ్గా తోసెయ్యలేం. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఏ పార్టీలోనూ లెక్కకొచ్చేవాళ్ళు కాదు.

అయితే గుంపు ఎందుకు చంపుతుందో చూడాలి. 12 మీటర్ల వెడల్పున్న రోడ్డులో 100 మీటర్ల పొడవు తీసుకోండి. 1,200 చదరపు మీటర్లు. అందులో ప్రచార వాహనం, కాన్వాయ్, జనరేటరు, ఫ్లెక్సీల ఫ్రేములు, దుకాణాల ముందు మెట్లు, మూత లేని కాలువ అంచులు పోగా మిగిలేది 800 దాకా. చదరపు మీటరుకు ఇద్దరుంటే మనుషులు నడవగలరు. నలుగురుంటే నిలబడగలరు. ఐదుగురు దాటాక ఎవరి కాళ్ళు వాళ్ళ వశంలో ఉండవు. వెనకనుంచి వచ్చే తోపు ఒంటినుంచి ఒంటికి ముందుకు పాకుతుంది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఊపిరాడక పోతాడు. అంటే ఆ 100 మీటర్లలో నిలబెట్టగలిగింది 3,200 మందిని. దరఖాస్తులో "సుమారు 20 వేల మంది" అని రాసి ఉంటే, అది చూసిన అధికారి ఆ తేడా గురించి ఆ రోజే అడగాలి. మిగతావాళ్ళు ఎక్కడ నిలబడతారు? పక్క సందులు తెరిచి ఉంటాయా, బారికేడ్లతో మూసేస్తారా? కాలువ మీద పలకలు పరిచారా? నాయకుడి వాహనం కదిలితే జనం వెంట కదులుతారు, ఆ కదలిక ఎటు పోవాలి? ఆలస్యం ఎంత? మూడింటికని చెప్పి ఎనిమిదింటికొచ్చే నాయకుడి కోసం జనం ఐదు గంటలు నీళ్ళు లేకుండా నిలబడితే మొదట కూలేది పిల్లలు, ముసలివాళ్ళు. ఇరుకు సెంటర్లో జనం ఒత్తుగా కనబడతారని పార్టీలు ఆ చోటే కావాలంటాయి, డ్రోన్ షాట్ కోసం. ఆ కోరికను కాదనే అధికారం పోలీసులకు కచ్చితంగా ఉండాలి.

ఈ ప్రశ్నలన్నీ తీరిగ్గా, ముందుగా అడగాల్సినవి. జవాబు చివరి రాత్రికి జరిగితే ఇవి అడిగే వీలే ఉండదు. భద్రత కోసమే గడువు కావాలనడం అందుకే.

కందుకూరు, గుంటూరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆనాటి ప్రభుత్వం ఎంచుకున్న దారి వేరు. 2023 జనవరి 2న జీవో 1 తెచ్చింది. రాష్ట్ర, జాతీయ రహదారుల మీద, ఇతర రోడ్ల మీద సభలకు అనుమతి ఇవ్వొద్దని, అరుదైన సందర్భాల్లో మాత్రమే కారణాలు రాసి ఇవ్వాలని చెప్పింది. జనవరి 12న హైకోర్టు సెలవుల బెంచి దాన్ని తాత్కాలికంగా నిలిపేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళితే, హైకోర్టులోనే తేల్చుకోమన్నారు. మే 12న డివిజన్ బెంచి జీవోను కొట్టేసింది. అందులో కొత్తేమీ లేదు. 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో రాజ్యాంగ ధర్మాసనం, అహ్మదాబాద్ పోలీసు కమిషనర్ నియమాన్ని కొట్టేస్తూ, వీధుల్లో సభలను నియంత్రించొచ్చు గానీ అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేసి మొత్తంగా ఆపెయ్యలేరని చెప్పింది. కందుకూరులో లోపించింది ఆ 100 మీటర్ల లెక్క. జీవో ఆ లెక్క గురించి మాట్లాడకుండా రోడ్లన్నిటికీ తాళం వేసింది.

కాదన్నా జనం వస్తారు

2022 ఫిబ్రవరి 3న ఉద్యోగ సంఘాల "చలో విజయవాడ"కు అనుమతి లేదు. ముందురోజు నుంచే నాయకుల ఇళ్ళ ముందు పోలీసులు. బస్సుల్లో, రైల్వే స్టేషన్లలో తనిఖీలు. అయినా వేలమంది ఉద్యోగులు బీఆర్‌టీఎస్ రోడ్డుకు చేరారు. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్‌కూ అనుమతి లేదు. జనం వచ్చారు, విగ్రహాలు విరిగాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్ 30న నెక్లెస్ రోడ్డులో సాగరహారానికి మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 7 దాకా షరతులతో అనుమతిచ్చారు. అక్కడా ఉద్రిక్తత లేకపోలేదు, కానీ ఎవరు బాధ్యులో, ఎక్కడ జరగాలో రాసుకున్న కాగితం రెండువైపులా ఉంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి అనుమతిస్తే శాంతి, నిరాకరిస్తే అల్లరి అని సూత్రం చెప్పలేను. చలో విజయవాడ అనుమతి లేకుండానే పెద్దగా హింస లేకుండా ముగిసింది. నేననేది ఇంతే. జనానికి నిజంగా కోపం ఉన్నచోట నిరాకరణ వాళ్ళను ఆపదు. ప్రణాళికను ఆపుతుంది. వాలంటీర్లు ఉండరు, పార్కింగు ఉండదు, మైకు ఉండదు. మైకు లేని గుంపుకు "వెనక్కి జరగండి" అని చెప్పే గొంతు ఉండదు. మాట్లాడగలిగిన నాయకులు అప్పటికే స్టేషన్లలో ఉంటారు.

హౌస్ అరెస్టు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నిరసనకు పోకుండా మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే అధికారం పోలీసులకు ఏ చట్టమూ ఇవ్వలేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 168 కింద నేరాన్ని నివారించొచ్చు. 170 కింద, వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం చేయబోతున్నాడని తెలిసి, వేరే మార్గం లేకపోతే అరెస్టు చేయొచ్చు, 24 గంటలకు మించి ఉంచకూడదు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, బంధువులకు తెలపాలి, రికార్డులో రాయాలి. గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళను నిలబెట్టి "సార్, బయటికి రాకండి" అంటే రికార్డే పుట్టదు. 2021లో గౌతమ్ నవలఖా కేసులో సుప్రీంకోర్టు గృహనిర్బంధాన్ని కస్టడీలో ఒక రూపంగా గుర్తించింది, అదీ కోర్టు ఆదేశించినప్పుడు. పోలీసు గేటు కాపలాకు ఆ తీర్పు ఆసరా కాదు.

కేటాయించిన చోటు

"రోడ్లెందుకు, ఒక చోటు చూపిస్తాం, అక్కడ కూర్చోండి" అన్న వాదన వినడానికి న్యాయంగా ఉంటుంది. ఆసుపత్రికి పోయే ఆటో ఆగిపోతే ఆ లోపలివాళ్ళకు మన రాజ్యాంగ హక్కుతో పనేముంది? 2020 అక్టోబర్‌లో షాహీన్‌బాగ్ తీర్పులో, దారులను నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదని సుప్రీంకోర్టు అంది. ఆ మేరకు ఒప్పుకుంటాను. నెలల తరబడి దిగ్బంధం వేరు, రెండు గంటల ఊరేగింపు వేరు.

కానీ హైదరాబాద్‌లో కేటాయించిన చోటు కథ ఎలా నడిచిందో చూడండి. ఇందిరాపార్కు దగ్గర ధర్నాచౌక్ ఏళ్ళ తరబడి నిరసనల చోటు. 2017లో అక్కడ వద్దన్నారు. బదులుగా శంషాబాద్, జవహర్‌నగర్, ప్రతాపసింగారం, గండిమైసమ్మ చూపించారు. సచివాలయంలో ఉన్నవాళ్ళకు చెప్పుకోవలసిన గోడు శంషాబాద్‌లో ఎవరికి చెప్పాలి? ఆ మే నెలలో ధర్నాచౌక్ కోసమే ధర్నా జరిగి ఘర్షణ అయింది. మరుసటేడు హైకోర్టు జోక్యంతో దారి తెరుచుకుంది. 2024 అక్టోబర్ 27న నగర పోలీసు కమిషనర్ బీఎన్‌ఎస్‌ఎస్ 163 కింద నెల రోజులపాటు నగరమంతటా ఐదుగురు, అంతకుమించి గుమిగూడటాన్ని నిషేధిస్తూ, శాంతియుత ధర్నాలకు ఒక్క ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను మినహాయించారు. ఏడేళ్ళ కిందట మూసిన చోటే నగరమంతటికీ మిగిలిన ఒకే ఒక్క చోటైంది. కేటాయించిన చోటు అదనపు సౌకర్యంగా ఉన్నంతకాలం మంచిదే. మిగతా ఊరంతా నిషిద్ధం చేయడానికి సాకైతే కాదు.

163 కింద ఇచ్చే ఉత్తర్వు తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి. రెండు నెలలకు మించి ఉండదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలలు. దాన్నే మళ్ళీ మళ్ళీ ఇస్తూ శాశ్వతం చేయడం అధికార దుర్వినియోగమని 2020 జనవరిలో అనురాధా భాసిన్ తీర్పు చెప్పింది. 2018లో జంతర్‌మంతర్, బోట్‌క్లబ్ కేసులోనూ వరసపెట్టి ఇచ్చే 144 ఉత్తర్వులను (ఇప్పటి 163కు పాత రూపం) కోర్టు తప్పుబట్టి, మార్గదర్శకాలు రాయమంది. నెలనెలా వచ్చే 30 యాక్టు ప్రకటనలను ఈ తీర్పుల వెలుగులో ఎవరైనా పరీక్షకు పెట్టాలి. ఇంకో మాట, 163 ఉత్తర్వు మార్చమనో రద్దు చేయమనో బాధితులు ఆ అధికారినే అడగొచ్చు. ఆయన త్వరగా విని, కాదంటే కారణాలు రాయాలి. సెక్షన్‌లోనే ఉన్న ఈ దారిని మన సంఘాలు దాదాపుగా వాడవు, నేరుగా హైకోర్టుకు పరుగెత్తుతాయి.

200 రూపాయల నేరం

లైసెన్సు షరతు తప్పితే పోలీసు చట్టం సెక్షన్ 32 కింద శిక్ష గరిష్ఠంగా 200 రూపాయల జరిమానా, అదీ మేజిస్ట్రేటు ముందు రుజువైతే. ఇది చాలదని వేరే సెక్షన్లు తగిలిస్తారు. అధికారి ఉత్తర్వు ధిక్కరణకు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 223, అక్రమ నిరోధానికి 126, చట్టవిరుద్ధ సమావేశానికి 189, దారి అడ్డగింపుకు 285. వీటిలో 223 కింద కోర్టు కేసు చేపట్టాలంటే ఆ ఉత్తర్విచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ ఆయన అధికారమిచ్చిన మరో ప్రభుత్వోద్యోగి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 215 చెబుతుంది. ఎస్సై ఛార్జిషీటు వేసేస్తే సరిపోదు. ఇదే నేరానికి పాత ఐపీసీ 188 కింద పెట్టిన కేసులు చాలావరకు ఇక్కడే కూలాయి. అయినా పెడుతూనే ఉంటారు, ఎందుకంటే శిక్ష పడటం ఎవరికీ ముఖ్యం కాదు. వాయిదాలకు తిరగడం, పాస్‌పోర్టు వెరిఫికేషన్లో పేరు రావడం, విద్యార్థి అయితే ఉద్యోగ దరఖాస్తులో "మీ మీద కేసులున్నాయా" అన్న గడి దగ్గర ఆగిపోవడం, ఇవే అసలు శిక్ష.

2019 మార్చి 22న ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తిరుపతి-మదనపల్లె రోడ్డు మీద మోహన్‌బాబు, ఆయన కుమారుడు విష్ణు, విద్యార్థులతో కలిసి చేసిన ధర్నా కేసు చూడండి. ఐపీసీ 290 (ప్రజలకు ఇబ్బంది), 341 (అక్రమ నిరోధం), 171ఎఫ్ (ఎన్నికల్లో అనుచిత ప్రభావం), పోలీసు చట్టం సెక్షన్ 34 పెట్టారు. ఈ 34 పశువుల్ని రోడ్డు మీద కోయడం, గుర్రాన్ని అడ్డదిడ్డంగా తోలడం, దారికి అడ్డంగా సరుకు పెట్టడం లాంటి వాటికోసం రాసింది. శిక్ష 50 రూపాయల జరిమానా లేదా ఎనిమిది రోజుల జైలు. సుప్రీంకోర్టు 2025 జూలై 31న, ఆ ఆరోపణలు నిజమనుకున్నా ఏ నేరమూ కనబడదంటూ కేసు కొట్టేసింది. పేరున్నవాళ్ళు, సుప్రీంకోర్టు దాకా పోగలిగినవాళ్ళు. వాళ్ళకే ఆరేళ్ళు పట్టింది. అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో ఆ ఆరేళ్ళు ఎలా గడుస్తాయి?

గడువు పెట్టడం కుదరని పనా

పోలీసులకు గడువు పెట్టడం సాధ్యం కాదనేవాళ్ళు ఎన్నికల నెలను చూడాలి. అదే పోలీసులు, అదే రోడ్లు, రోజుకు పదుల సంఖ్యలో రోడ్‌షోలు. ఎన్నికల సంఘం సువిధ పోర్టల్లో 48 గంటల ముందు దరఖాస్తు పెడితే 24 గంటల్లో జవాబివ్వాలి. ముందు అడిగినవాడికి ముందు. పోలీసు, మున్సిపల్, ఫైర్ అభిప్రాయాలన్నీ ఒకే కిటికీ దగ్గర తేలతాయి. ఓట్లడిగేవాడికి 24 గంటల్లో దొరికే జవాబు, జీతం బకాయి అడిగేవాడికి ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

ఇంగ్లండులో 1986 పబ్లిక్ ఆర్డర్ చట్టం ప్రకారం ఊరేగింపుకు ఆరు పూర్తి రోజుల ముందు సమాచారం ఇవ్వాలి, అనుమతి అడగనక్కర్లేదు. జర్మనీలో బహిరంగంగా ప్రకటించడానికి 48 గంటల ముందు తెలియజేయాలి, అప్పటికప్పుడు పుట్టుకొచ్చే నిరసనకు ఆ గడువు వర్తించదు. మనకు అంత దూరం పోవడం ఇప్పట్లో సాధ్యమని నేననుకోను. అనుమతి పద్ధతిని ఉంచే, దానికి నాలుగు కట్టుబాట్లు చేర్చమంటున్నాను. 72 గంటల ముందు అర్జీ పెడితే 24 గంటల్లో రాతపూర్వక జవాబు. కాదంటే ఆ రోడ్డుకు, ఆ వేళకు సంబంధించిన కారణం, దాంతోపాటు పోలీసులే సూచించే మరో దారి గానీ మరో వేళ గానీ. ఆ జవాబు మీద మర్నాటికల్లా తేల్చే అప్పీలు అధికారి, పోలీసు శాఖకు బయటివారు. గడువులో జవాబు రాకపోతే అనుమతిచ్చినట్టే.

చివరిదాని మీద నాకూ సందేహాలున్నాయి. రెండు వర్గాలు ఒకే రోజు ఒకే వీధి అడిగితే? మతపరమైన ఊరేగింపు గొడవలున్న దారిలో పోతానంటే? ఆలస్యంగా నిఘా సమాచారం వస్తే? జవాబు రాకపోవడం వల్ల అనుమతి పుట్టినా, తర్వాత కొత్త కారణం వస్తే షరతులు మార్చే అధికారం పోలీసులకు ఉండాలి, ఆ కారణం రాయాలి. పోటీ అర్జీలకు ముందొచ్చినవారికి ముందు అన్న నియమం చాలావరకు సరిపోతుంది. ఇంకో భయం కూడా ఉంది. గడువు పెడితే పోలీసులు తప్పించుకోవడానికి 23వ గంటలో అన్నింటికీ యాంత్రికంగా "నో" రాసేస్తారేమో. రాయొచ్చు. కానీ రాసిన "నో"ను రెండు రోజుల ముందే కోర్టులో పరీక్షించొచ్చు. పక్క పార్టీకి ఇచ్చిన "ఎస్"తో పోల్చొచ్చు.

ఆ పోలిక కోసం కొత్త చట్టం కూడా అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) కింద ప్రతి ప్రభుత్వ కార్యాలయం తాను ఇచ్చిన పర్మిట్లు, అనుమతులు ఎవరికిచ్చిందో ఎవరూ అడగకుండానే ప్రచురించాలి. సభలకూ ఊరేగింపులకూ ఇచ్చిన అనుమతులు అందులోకే వస్తాయి. మీ డీఎస్పీ ఆఫీసుకు ఆర్టీఐ పెట్టండి. గత ఏడాది వచ్చిన దరఖాస్తులన్నిటికీ అర్జీ అందిన తేదీ, వేళ, అడిగినవారు, కార్యక్రమం తేదీ, జవాబిచ్చిన తేదీ, వేళ, నిరాకరిస్తే కారణం, వరసగా అడగండి. సెక్షన్ 30(2) కింద నోటీసు జారీకి ముందు జిల్లా మేజిస్ట్రేటు రాసిన అభిప్రాయం ప్రతి కూడా అడగండి. కొత్తగా సభ పెట్టేవాళ్ళయితే అర్జీని తపాల్‌లో ఇచ్చి, వేళతో సహా ముద్ర వేయించుకుని, అదే రోజు డీఎస్పీకి ఈమెయిల్ చేయండి. ఈ వ్యవహారాల మీద మేజిస్ట్రేటు నియంత్రణను సెక్షన్ 33 అలాగే ఉంచింది కాబట్టి కలెక్టరుకూ ఒక ప్రతి పంపండి. అర్జీలోనే రోడ్డు వెడల్పు, నిలబడే చోటు కొలత, దాన్నిబట్టి జనం లెక్క, అంబులెన్స్ దారి, వాలంటీర్ల పేర్లు, రెండో ప్రత్యామ్నాయ దారి రాయండి. ఫలానా రోజు ఫలానా గంటలోగా జవాబు కోరుతున్నామని చివరి వాక్యంగా చేర్చండి.